దివానుగారి తలుపు రాయి

ఫిర్యాదుదారులంటే దివాను భూపతయ్యకు ఒళ్లుమంట. కచేరీ తలుపు దానంతటదే మూసుకునేలా కప్పీకి తాడేసి రాయి కట్టమని వడ్రంగి మల్లాచారిని పిలిపించాడు.

"చిన్న రాయి చాలు దొరా, మెల్లగా మూసుకుంటుంది."

"మెల్లగానా? లోపలికొచ్చినవాడి వీపు పగలాలి. తిరగలి రాయి కట్టు!"

తప్పుతుందా? కట్టాడు. వీపులు వాచిన జనం కొన్నాళ్లకే కచేరీ మొహం చూడటం మానేశారు. రాజ్యంలో కష్టమన్నదే లేదని దివాను రాజుగారికి కబురంపాడు.

ఆ వింత చూద్దామని రాజుగారే వచ్చారు. గడప దాటారో లేదో, తలుపు ధడాలున వచ్చి వీపు మీద పడింది.

"ఎవడ్రా ఇది బిగించింది?"

కప్పీకి ఆముదం రాస్తున్న మల్లాచారిని చూపించి, "వీడే ప్రభూ!" అన్నాడు దివాను.

మల్లాచారి చేతులు కట్టుకుని, "నేనే ప్రభూ. ఫిర్యాదులన్నీ మాన్పించింది ఈ రాయే. దివానుగారి పని ఇదే చేస్తోంది" అన్నాడు.

వీపు తడుముకుంటున్న రాజుగారికి సంగతి బోధపడింది. "మరి రాయి విప్పేస్తే తలుపు మూసేదెవరు?"

"ఆయన పని ఇది చేసింది కదా ప్రభూ. దీని పని ఆయన చేస్తే సరి!"

ఇప్పుడు కచేరీకి ఎవరొచ్చినా తలుపు తీసి మూసేది భూపతయ్యే. మల్లాచారి పనేమీ లేకపోయినా రోజూ వెళ్లొస్తాడు.

"మెల్లగా దొరా, మెల్లగా!" అంటాడు.