పటిక పట్టిన చోటు

చెంగల్రాయుడు గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. కలంకారీ గుడ్డల మీద దేవుళ్ళ బొమ్మలు రాయడంలో ఆయన్ని మించినవాడు స్వర్ణముఖి ఒడ్డున లేడని పేరు. శిష్యులకు మాత్రం ఆయన దగ్గర నోరు విప్పాలంటే బెదురు. అయినా ఆ ఉదయం పురుషోత్తం అడగనే అడిగాడు.

"సామీ, సారాయి తాగబట్టి మనిషికి అనుమానం పుడుతుందా, అనుమానపు మనిషి గనకే సారాయి పట్టుకుంటాడా?"

ఆహా, ఎంత పెద్దమనిషి ప్రశ్న! తెలుసుకోవాలని కాదండీ అడిగింది, తోటి శిష్యుడు ఏకాంబరాన్ని గురువుగారి ముందు చులకన చెయ్యాలని. ఏకాంబరం చెయ్యి బంగారం, అలవాటే చెడ్డది. తాగొస్తే భార్య వేదవల్లి పాలవాడితో మాట్లాడినా తప్పే, కిటికీ తెరిచినా తప్పే. ఆమె విసిగిపోయి పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్పుడు మానేశాడు, నిజంగానే మానేశాడు. ఉగాది నుంచి చుక్క ముట్టలేదు. ఇంకొకసారి ముడితే ఈ గడప మళ్ళీ తొక్కనని చెప్పి మరీ ఆమె తిరిగొచ్చింది. గురువుగారు సంతోషించి, అమ్మవారి పెద్ద గుడ్డ అతని చేతికిచ్చారు. "ఇది బాగా దిగితే ఇకమీదట దేవుళ్ళ ముఖాలన్నీ నువ్వే రాయి," అన్నారు.

ముఖాలు! ఆ మాటకి పురుషోత్తం కడుపు భగ్గుమంది. తను తాగడు, బీడీ కూడా కాల్చడు. తెల్లవారగానే వచ్చి చీపురు పట్టేది తను, కరక్కాయ కలిపిన పాలలో గుడ్డలు నానేసేది తను, పటిక నీళ్ళు కాచేది తను. ఇన్నేళ్ళకీ తనకు దక్కినవి అంచుల మీద తీగలూ ఆకులూ. పడి లేచినవాడికి మెచ్చుకోళ్ళు, అసలు పడనివాడికి చీపురా? అన్నం ముందు కూర్చుని కుళ్ళుకున్నాడు, పడుకుని కుళ్ళుకున్నాడు. ఏకాంబరం నవ్వు వినబడితే చాలు, ఇతనికి తేలు కుట్టినట్టుండేది.

గురువుగారు ప్రశ్న విని, "పొయ్యి రాజెయ్యి. అమ్మవారి గుడ్డ ఉడకెయ్యాల," అన్నారు. అంతే.

ఈ పని ఎరగనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఎరుపు కావలసిన చోటల్లా ముందుగా కలంతో పటిక నీళ్ళు రాస్తారు. వాటికి రంగు లేదు, ఆరాక ఎక్కడ రాశారో కంటికి ఆనదు. ఆ తర్వాత గుడ్డను ఏట్లో జాడించి, ఎర్రవేరు వేసిన రాగి గంగాళంలో ఉడకేస్తారు. గుడ్డంతా ఆ నీళ్ళలోనే మునుగుతుంది. కానీ ఎరుపు నిలిచేది పటిక తగిలిన చోటే, మిగిలిందంతా ఉతికితే పోతుంది.

ఏట్లో జాడించి తెచ్చింది వేదవల్లే. ఏకాంబరం గుడ్డను గంగాళంలో వేసి కర్రతో తిప్పుతూ, పెళ్ళికొడుకులా సంబరపడిపోయాడు. తీసి, ఉతికి, ఎండలో పరిచారు. అమ్మవారి చీర ఎరుపు, పారాణి ఎరుపు చూడముచ్చటగా దిగాయి. ముఖం మీద మాత్రం, కంటి కింద నుంచి గడ్డం దాకా, ఎవరో నాలుగు వేళ్ళతో పులిమినట్టు ఎర్రటి చారలు తేలాయి.

ఏకాంబరం గిర్రున భార్య వైపు తిరిగాడు. "నువ్వే! నాకు పేరొస్తే ఓర్వలేవు నువ్వు! ఎవడి మాట విని చేసినావే ఈ పని?"

"నేను ముట్టింది ఏటినీళ్ళే గదయ్యా," అంది వేదవల్లి. "ఈ పొద్దు నువ్వు తాగలేదు గదా? తాగకుండా గూడా ఇదే మాటనా?"

ఏకాంబరం కర్ర విసిరికొట్టి, సారాయి దుకాణం దారిన విసవిసా పోయాడు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

పురుషోత్తం ముఖం వెలిగిపోయింది. "చూస్తిరా సామీ! చుక్క పడకపోయినా వాడి బుద్ధి అంతే. నేనడిగినదానికి జవాబు వచ్చేసె!"

"సగమే వచ్చింది," అన్నారు గురువుగారు.

చారలు తేలినప్పుడు అందరూ గుడ్డ వైపు చూస్తుంటే, పురుషోత్తం ఒక్కడే ఏకాంబరం ముఖం వైపు చూడటం ఆయన కంటబడింది. లేచి వచ్చి పురుషోత్తం కుడిచెయ్యి పట్టుకున్నారు. తీసుకెళ్ళి ఆ చారల మీద ఆనించారు. పురుషోత్తం చిటికెనవేలు పుట్టుకతో వంకర. చివరి చారా అదే వంకర. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు, ఆయన వదల్లేదు.

"సామీ, నేను... నేను జన్మలో తాగి ఎరగను," అన్నాడు పురుషోత్తం, ఏడుపు గొంతుతో.

"ఎరగవు. వాడి పటిక నాకు ఎప్పుడో తెలుసు నాయనా, నీది ఈ పొద్దే రంగు తేలింది. పరుగెత్తు, వాడు దుకాణం చేరేలోపల చెప్పుకో."