నూకాలు చిట్టీగలకిచ్చిన మాట

ఒకప్పుడు చిట్టీగలకు ఉన్నంత మర్యాద మరే ప్రాణికీ ఉండేది కాదు. పిలిస్తేగాని అవి ఎవరింటికీ వచ్చేవి కావు. పనసపండు కోసి పెట్టుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నా సరే, చిట్టీగ గడప దాటేది కాదు. ఎవరైనా బయటికొచ్చి "రండమ్మా, రండి" అనాలి. అప్పుడు రెక్కలు సర్దుకుని ఒకదాని వెనక ఒకటి వచ్చేవి.

చిట్టీగలంటే మీకు తెలుసుగా? నువ్వుగింజలో సగం ఉంటాయి. అరటిపండు మగ్గితే చాలు, దాని చుట్టూ ముసురుకుంటాయి. ఆ, అవే! వాటికి మర్యాదేమిటని నవ్వకండి. ఉండేది. అది ఎలా పోయిందో చెప్పేదే ఈ కథ.

ఆ రోజుల్లో కొండ కింద నేరేడువలస అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ప్రతి పెరట్లోనూ ఒక నేరేడు చెట్టు. చెట్టు కింద అడుగు దిగబడేలా ఎండుటాకులు. ఆ ఆకుల అడుగున, చల్లగా తేమగా ఉండే చోట, చిట్టీగలు కాపురముండేవి.

నేరేడు పళ్ళు రాలే కాలం రాగానే ఊరంతా బుసరసం పెట్టేవారు. పళ్ళు పిసికి, రసం కుండకెత్తి, మూతికి పల్చటి గుడ్డ కప్పి ఓ మూల ఉంచుతారు. ఆ రసం పులిసి, నురగ కట్టి, పాములా బుసకొడుతుంది. అందుకే దానికి ఆ పేరు. పెద్దవాళ్ళు ముంతెడు తాగి రాని పాటలు కూడా పాడేవారు. పిల్లలకు మాత్రం వాసనే.

రసం పోసిన రోజున ఇంటావిడ చెట్టు కిందికి వెళ్ళి చిట్టీగలను పిలిచేది. అవి వచ్చి, రసంలో కాళ్ళు తడుపుకుని, వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళిపోయేవి. ఎందుకు పిలవాలని ఎవరూ అడగలేదు. అమ్మ పిలిచేది, అందుకని కూతురూ పిలిచేది. అంతే.

ఇదిలా ఉండగా, సముద్రపొడ్డు నుంచి నూకాలు, ఆమె మొగుడు పైడయ్య ఆ ఊరొచ్చారు.

ఒడ్డున వాళ్ళ గుడిసెను సముద్రం మింగేసింది. వెనక్కి జరిగి ఇంకోటి వేసుకుంటే దాన్నీ మింగింది. మళ్ళీ వేస్తే మళ్ళీ మింగింది. "నీ ఆకలి తగలెయ్యా! ఇంక నీకు పెట్టడానికి నాకాడ గుడిసెల్నేవు" అని నూకాలు సముద్రం మొహాన్నే తిట్టి, చీపురూ ఉప్పుమూటా నెత్తిన పెట్టుకుని కొండవైపు నడిచింది. పైడయ్య కుండలు మోసుకుంటూ వెనకాల నడిచాడు.

ఊరివాళ్ళు వాళ్ళకొక ఖాళీ ఇల్లు చూపించారు. గట్టి గోడలు. తాటాకు కప్పు. వెనక పెరడు, పెరట్లో చెట్టు. నూకాలు గోడను తోసి చూసింది. కదల్లేదు. ఆనందం పట్టలేక ఇంకోసారి తోసింది.

పక్కింటి అసిరమ్మ మామ్మ దడి మీంచి తొంగి చూసింది. ఊళ్ళో ఎవరికి ఏది చెప్పాలన్నా ఆవిడే చెప్పాలి.

"పిల్లా, మా ఊరి పద్ధతొకటుంది. ఇల్లు మేం ఇస్తే అయిపోదు. సెట్టు ఇయ్యాల. నీ సెట్టు పళ్ళతో నువ్వే బుసరసం పెట్టాల. పున్నం నాటి పొద్దున్న ఊరంతా వచ్చి కుండకి సెవి ఆన్చి ఇంటాం. కుండ పాడిందా, ఇల్లు నీది. పాడనేదనుకో..."

"పాడకపోతే?"

"మూట కట్టుకోవాల. ఏటి సేత్తాం, సెట్టు వొద్దన్నట్టే కదా!"

నూకాలు తన ఉప్పుమూట వైపు చూసింది. మళ్ళీ మూటా? మళ్ళీ చీపురు నెత్తినా? "పాడిత్తాను మామ్మా, ఎలాగైనా పాడిత్తాను" అంది.

అయితే రసం ఎలా పెట్టాలో చెప్పిన అసిరమ్మ మామ్మ, చిట్టీగలను పిలవాలని మాత్రం చెప్పలేదు. దాచాలని కాదు. ఊపిరి పీల్చుకోమని ఎవరికైనా చెబుతామా? ఆవిడకు అది చెప్పాల్సిన సంగతని తట్టనే లేదు.

నూకాలుకు తెలిసిన పని ఒక్కటే, చేపలు ఎండబెట్టడం. ఇసుక అద్దంలా ఊడ్చాలి. చేప కడగాలి, ఉప్పు రాయాలి, ఎండలో పరవాలి. ఈగ వాలిందంటే ఆ చేప పాడైనట్టే. అందుకని ఒడ్డున పుట్టిన ప్రతి ఆడపిల్లా నడక రాకముందే ఈగల్ని తోలడం నేర్చుకుంటుంది. నూకాలు అందులో అందరికంటే ముందుండేది.

పెరటి నిండా ఆకులు చూడగానే ఆమె చేతులు ఊరుకోలేదు. చీపురు తీసింది. బరబరా ఊడ్చింది. ఆకులతోపాటు చిట్టీగలనూ దడి అవతలికి నెట్టేసింది. నేల నున్నగా బయటపడింది.

"ఏటే పిల్లా, నా కాళ్ళ మీది దుప్పటి లాగేత్తన్నావు?" అంది నేరేడు చెట్టు.

"సుబ్బరం సేత్తన్నాను తల్లీ. నువ్వు కూడా కొంచెం సూసి రాల్చు" అంది నూకాలు.

చెట్టు ఇంకో నాలుగాకులు రాల్చింది. నూకాలు వాటినీ ఊడ్చేసింది.

పళ్ళు పండాయి. నూకాలు ఏరింది. మట్టి అంటిందని కడిగింది. కడిగినవాటినే ఉప్పునీళ్ళలో ముంచి ఇంకోసారి కడిగింది. పిసికి రసం తీసి, కుండలో పోసి, గాలి కూడా దూరకుండా మందపాటి గుడ్డతో వాసెన కట్టింది. చేప గనకైతే ఏడాది పాటు చెడదు.

రోజూ పొద్దున్నే కుండకు చెవి ఆన్చేది. మొదట ఏమీ వినిపించలేదు. తర్వాతా వినిపించలేదు. పక్కింటి కుండ దడి ఇవతలికి కూడా వినిపించేలా బుసకొడుతోంది. తన కుండ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చుంది.

పున్నమి దగ్గరపడింది. పైడయ్య కుండలకు తాళ్ళు పేనడం మొదలుపెట్టాడు. అది చూసి నూకాలుకు ఏడుపొచ్చింది. కానీ ఏడుపుకన్నా ముందు ఇంకోటి వచ్చింది. ఎందుకు? ఆ కుండ ఎందుకు పాడుతోంది? ఈ కుండ ఎందుకు పాడదు? అది తేల్చుకోకుండా కదలకూడదనుకుంది.

కుండనే అడిగింది. "ఎందుకు పాడవు?"

"నానొట్టి మట్టిని. పాట నాది కాదు. రసాన్నడుగు" అంది కుండ.

వాసెన విప్పి రసాన్ని అడిగింది. "నాకు గొంతు నేదు. గొంతు ఎవులో తెచ్చియ్యాల. దానికితోడు ఉప్పొకటి!" అని రసం మొహం ముడుచుకుంది.

చెట్టు దగ్గరికి పరిగెత్తింది. "తల్లీ, రసానికి గొంతెవరు తెత్తారు?"

"ఇన్నాల్టికి అడిగినావు! ఎక్కడుంటారు, నా కాళ్ళ కాడే ఉండేవోరు. నువ్వే ఊడ్సీసినావు కదేటి?"

ఆకులతోపాటు తాను తోలేసిన చిట్టీగలు అప్పుడు గుర్తొచ్చాయి నూకాలుకు.

దడి తలుపు తీసుకుని అవతలికి వెళ్ళింది. తాను పారేసిన ఆకుల పోగు అక్కడే ఉంది. దాని మీద చిట్టీగలు, ఎండకు వాడి, రెక్కలు ముడుచుకుని కూర్చున్నాయి. కొన్నిటికి ఎగిరే ఓపిక కూడా లేదు. అయినా ఒక్కటీ దడి దాటలేదు.

"ఇక్కడే ఉండిపోనారేటి? నా పెరట్లో పళ్ళున్నాయి కదా!" అంది నూకాలు.

"నువ్వు పిలవలేదుగా" అంది ముసలి చిట్టీగ. దాని గొంతు సూదిమొనంత ఉంది. నూకాలు చెవి దగ్గరగా పెట్టి వినాల్సి వచ్చింది. "పిలవకుండా రావడం మా ఇంటా వంటా లేదు."

"ఆకలేసినా?"

"ఆకలేసినా."

నూకాలు ఆ ఆకుల పక్కనే కూలబడింది. "నాకు పిలవాలని తెల్దమ్మా. మా ఒడ్డున ఈగంటే మాకు పగ. వాలితే సేప కుళ్ళిపోద్ది. మీరూ ఆ జాతేననుకున్నాను. తప్పు సేసినాను."

తర్వాత, ఊరుకోలేక, అడిగేసింది. "మీరొచ్చి ఏం సేత్తారు? ఉత్తినే కాళ్ళు తడుపుకుంటే కుండ పాడతాదా?"

ముసలి చిట్టీగ మొదటిసారి నవ్వింది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు మరి. అది ఒక కాలు పైకెత్తి చూపించింది. నూకాలు కళ్ళు చికిలించి చూసింది. ఆ వెంట్రుకంత కాలికి ఏదో పొడి అంటుకుని ఉంది. పొడి అనడానికి కూడా లేనంత సన్నం.

"ఇది పులియబెట్టే పొడి. ఆకుల కింద పుడుతుంది. పండు మీద వాలినప్పుడు అంటుకుంటుంది. రసంలో వేస్తే తీపిని తింటుంది, తిన్నది అరిగి బుడగలు వదులుతుంది. అదే పాట. చేప మీద ఏ ఈగ ఏం చేస్తుందో మాకు తెలీదు. పండు మీద మా పని ఇది."

నూకాలు నోరు తెరుచుకుని వింది. పుట్టినప్పట్నుంచీ తాను దేన్ని కడిగి పారేసిందో, ఇక్కడ ఇల్లు నిలబడేది దానివల్లే!

"మరైతే రండి! ఇప్పుడే పిలుత్తన్నాను. రండమ్మా, రండి!"

చిట్టీగలు కదల్లేదు. "వస్తాం. కానీ మళ్ళీ నీలాంటివాళ్ళు ఎవరో వస్తారు. పిలవాలని తెలీదు. మేం మర్యాదగా దడి అవతల కూర్చుని మళ్ళీ మాడిపోవాలా?"

నూకాలు ఆ ముడుచుకున్న రెక్కలను చూసింది. గుడిసె పోయిన రోజున ఇసుకలో తడిబట్టలతో తానూ ఇలాగే కూర్చుంది. రమ్మనేవాళ్ళు లేక, అడగడానికి మొహం చెల్లక.

"ఇంకమీదట మిమ్మల్ని ఎవులూ పిలవక్కర్నేదు" అంది. "ఏ ఇంట పండు పండితే ఆ ఇల్లు మీదే. అడక్కుండా వచ్చీయండి. నాను మాటిత్తన్నాను."

"అందరిళ్ళకీ నువ్వెలా మాటిస్తావు?"

"పిలవాలని తెలీనోళ్ళందరి తరఫునా ఇత్తన్నాను. తెలిసినోళ్ళు ఎలాగూ పిలుత్తారు కదా!"

చిట్టీగలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఆ మాట వాటికి నచ్చింది.

నూకాలు ఉప్పు తగిలిన రసం పారబోసి, కుండను మంచినీళ్ళతో కడిగింది. ఆకులను చేతులతో ఎత్తి తెచ్చి చెట్టు కాళ్ళ మీద కప్పింది. "అబ్బ, హాయి!" అని చెట్టు కొమ్మలు దులిపి, పైన మిగిలిన ఆఖరి పళ్ళన్నీ రాల్చింది. నూకాలు వాటిని కడగలేదు. కడుగు కడుగని చేతులు పోరుతుంటే ఆపుకుంది. మట్టి ఊదేసి, పిసికి, కుండ మూతి తెరిచే ఉంచింది. చిట్టీగలు వచ్చాయి. కాళ్ళు తడుపుకున్నాయి. ఈసారి వెళ్ళొస్తామని చెప్పలేదు, కుండ అంచు మీదే కూర్చున్నాయి.

పున్నమి నాటి పొద్దున్న ఊరంతా వచ్చింది. పైడయ్య మూటలు గుమ్మం పక్కనే ఉన్నాయి. అసిరమ్మ మామ్మ వంగి, కుండకు చెవి ఆన్చింది. నూకాలు కళ్ళు మూసుకుంది.

మామ్మ రెండో చెవి ఆన్చింది.

అప్పుడు లోపల ఒక్క బుడగ పేలింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత గుసగుస, గుసగుస పోయి చిటపట, చిటపట పోయి కుండంతా బుస్సుమంది. నురగ పొంగి అసిరమ్మ మామ్మ చెంప తడిసింది.

"పాడిందే పిల్లా!" అని మామ్మ చెంప తుడుచుకోకుండానే అరిచింది. "పాడకేం సేత్తాది, నువ్వు బాగా పిలిసుంటావు."

"ఇంక పిలవక్కర్నేదు మామ్మా" అంది నూకాలు. వెళ్ళి మూటల ముడులు విప్పడం మొదలుపెట్టింది. నవ్వుతోంది, ఏడుస్తోంది. ముడులు ఓ పట్టాన రావడం లేదు.

ఆ తర్వాత కూడా నూకాలు పెరడు ఊడ్చేది. పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది? కానీ చెట్టు మొదట్లో మాత్రం చీపురు పెట్టేది కాదు.

అప్పటినుంచే, ఏ ఇంట్లో పండు మగ్గినా, ఎవరూ పిలవకుండానే, ఎక్కణ్ణుంచో చిట్టీగలు వచ్చేస్తాయి. తలుపులు మూసినా వస్తాయి. తోలితే లేచి, మీ ముక్కు చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ పండు మీదే వాలతాయి. కొట్టకండి పాపం. పిలవాలని తెలీనివాళ్ళ తరఫున మాటిచ్చిందిగా నూకాలు? మీకు మాత్రం ఏం తెలుసు!