వాగు కాపలా

అనగనగా ఒక అడవి ఉండేదర్రా పిల్లలూ. ఆ అడవిలో పుట్టుకతో రాజయ్యేవాళ్లు లేరు. ఏడాదికోసారి జంతువులే తమ పెద్దను ఎన్నుకునేవి. పాత పెద్దే ఉండాలంటే పండుటాకు, వద్దంటే పచ్చాకు చెట్టు తొర్రలో వేయాలి. ఎవరు ఏ ఆకు వేశారో ఎవరికీ తెలిసేది కాదు.

మూడేళ్లుగా కరాళుడనే తోడేలే పెద్ద. అడవంతటినీ తనొక్కడే కాయలేడు కదా. అందుకని దుంపలకు మొద్దయ్య అనే పందిని, పండ్లకు ఒక కొండముచ్చును, వాగుకు చుక్కమ్మ అనే దుప్పిని కాపలా పెట్టాడు. కాపలా కాసేవాళ్లకు కడుపు నిండేది. మిగతావాళ్లు వాళ్లను బతిమాలుకోవాలి. ఎవరైనా ఎదురు మాట్లాడితే కాపలావాళ్లు వెళ్లి తోడేలుకు ఆ పేరు చెప్పాలి. అలా పేరు పడినవాళ్లను కరాళుడు తన గుహకు పిలిపించేవాడు. వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం దూదమ్మ అనే కుందేలు ముగ్గురు పిల్లలతో వాగుకొచ్చింది. తలా ఒక గుక్కే తాగమంది చుక్కమ్మ. పిల్లలింకా నాలుకలు చాపుతూనే ఉన్నాయి.

"ఈ నీళ్లు వాగువి కదక్కా. తోడేలువి ఎప్పుడయ్యాయి?" అని మెల్లగా అడిగింది దూదమ్మ.

చుక్కమ్మ చుట్టూ చూసింది. ఆ మాట ఇంకెవరైనా విన్నారేమో! విని కూడా చెప్పలేదని తన పేరే చెబితే? పొద్దు వాలేదాకా ఓపిక పట్టింది. ఇక ఉండలేక గుహకు వెళ్లి దూదమ్మ పేరు చెప్పేసింది.

మర్నాడు దూదమ్మ లేదు. పిల్లలు మాత్రమే బొరియ ముందు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. చుక్కమ్మ వాటిని పిలిచి కావలసినన్ని నీళ్లు తాగమంది. అవి దగ్గరికి రాలేదు.

ఇంతలో ఎన్నిక రోజు వచ్చింది. చుక్కమ్మ పచ్చాకు నోట కరుచుకుని తొర్ర దాకా వెళ్లింది. చుట్టూ ఎవరూ లేరు. కానీ తోడేలు పోతే, మా అమ్మ పేరు ఎవరు చెప్పారని ఆ పిల్లలు అడగవా? పచ్చాకు నమిలి మింగేసి, పండుటాకు వేసింది. దుంపలు పోతాయని పందీ, పండ్లు పోతాయని కొండముచ్చూ అదే పని చేశాయి. మనమొక్కళ్లం పచ్చాకు వేస్తే ఏమవుతుందిలే అని తక్కిన జంతువులూ పండుటాకే వేశాయి.

లెక్క చూస్తే పచ్చాకులు నాలుగే.

"నేనెవరినీ బలవంతం చేయలేదు. మీరే నన్ను కోరుకున్నారు," అన్నాడు కరాళుడు. గొంతు పెంచలేదు. అయినా ఎవరూ తలెత్తలేదు.

వారం తిరక్కుండానే వాగు కాపలా మొద్దయ్యకు ఇచ్చాడు. కారణం చెప్పలేదు, చుక్కమ్మ అడగనూలేదు. దాహమై వాగుకు వెళితే మొద్దయ్య ఒక గుక్కే తాగమన్నాడు.

"మొన్నటిదాకా నేను కాసిన నీళ్లే కదయ్యా," అంది చుక్కమ్మ.

మొద్దయ్య అటూ ఇటూ చూశాడు. "నా ముందు ఆ మాట ఎందుకన్నావమ్మా," అన్నాడు.

పొద్దు వాలగానే తలొంచుకుని గుహ వైపు నడిచాడు. ఆగమని పిలవడానికి చుక్కమ్మకు నోరు రాలేదు.

నీతి: పీడించేవాడు ఒక్కడే; భయంతో, చిన్న లాభం కోసం వాడికి కాపలా కాసేది మాత్రం మనమంతా.