అన్నిటికీ ‘మొయ్యి’ చాలు

లాకులదిబ్బలో దేవదానం ఇల్లెక్కడని ఎవర్నీ అడగనక్కర్లేదు. ఆయనే గుమ్మంలో నిలబడి, "తెలివున్న ఇల్లు ఇదేనండీ, రండి రండి" అని పిలిచేవాడు. ఆయన, భార్య సలోమి, తమ్ముడు తీతు, తల్లి రూతమ్మ. నలుగురికీ కలిపి నాలుగు బుర్రలున్నాయని వాళ్ళకి మహా గర్వం. "ఊళ్ళో మిగతావాళ్ళకి ఇంటికొక్కటైనా ఉందో లేదో, పాపం" అని రూతమ్మ జాలిపడేది కూడా.

దేవదానం హార్పర్ దొర దగ్గర మునిషీ. దొర బైబిలుని తెలుగులోకి మారుస్తుంటే పక్కన కూచుని మాటలు అందించడం ఆయన పని. ఆ పని ఇంకా ఖాయం కాలేదు. ఆదివారం హార్పర్ దొరకి పైవాడైన పెద్దదొర పడవలో వచ్చి తర్జుమా చదివిస్తాడు. జనానికి అర్థమైతే ఉద్యోగం ఖాయం. లేదంటే దేవదానం మళ్ళీ మామగారి బాతుల్ని కాసుకోవాల్సిందే. ఆ బాతులంటే ఆయనకి హడలు. ఆయన కనపడితే చాలు, పిక్కలు పట్టుకుని పొడిచేవి.

సరిగ్గా అప్పుడే ‘బేర్’ అనే ఇంగ్లీషు మాట దగ్గర దొర ఆగిపోయాడు.

"దేవదానం, ఇది మా భాషలో అన్నిచోట్లా దూరుతుంది. బరువు మోసినా ఇదే. చెట్టు కాసినా ఇదే. తల్లి బిడ్డని కన్నా ఇదే. పక్కవాణ్ణి ఓర్చుకున్నా ఇదే. తెలుగులో ఏం పెడదామో ఇంటికెళ్ళి బాగా ఆలోచించు" అన్నాడు.

నలుగురూ చాప మీద కూచుని ఆలోచించారు.

"దొరలకి ఒక్క మాట సరిపోతే మనకి నాలుగెందుకూ? దండగ!" అంది సలోమి.

"ఆయన ముందు చెప్పింది మోయడమే కదా. ‘మొయ్యి’ అని పెట్టేస్తే పోలా?" అంది రూతమ్మ.

"ఊరికే పెట్టేస్తారేంటి? పులుసైనా ఉప్పు చూడకుండా వడ్డిస్తామా? చేసి చూడాలి" అన్నాడు తీతు.

ఆహా, ఎంత తెలివి! దేవదానానికి కళ్ళు చెమర్చాయి.

ముందు తీతు బియ్యం బస్తా ఎత్తి అరుగు మీంచి పెరట్లోకి మోశాడు. దివ్యంగా కుదిరింది. తర్వాత చెట్టు సంగతి. సలోమి బొప్పాయి చెట్టు కింద నిలబడి తలెత్తి చూసింది.

"మోయడమా, నా మొహమా! కాయలే చెట్టుని పట్టుకుని వేలాడుతున్నాయి. మోస్తే నెత్తి మీదుండొద్దూ?"

అంతే. తీతు చెట్టెక్కాడు. కాయలన్నీ కోసి, గంపలో వేసి, చెట్టు నెత్తి మీద పెట్టి కట్టాడు. చెట్టు ఫెళ్ళున విరిగింది. కాయలూ తీతూ కలిసి పేడకుప్పలో పడ్డారు.

"మాటలో తప్పులేదు, చెట్టుకే మోయడం చేతకాదు" అని తీర్పు చెప్పాడు దేవదానం.

ఇక తల్లి మొయ్యాలి. "నా కొడుకు నాకు బరువా!" అంటూ రూతమ్మ దేవదానాన్ని చంకనెత్తుకోబోయింది. ఇంకేముంది, నడుం పట్టేసింది.

మిగిలింది ఓర్చుకోవడం. అంటే ఒకరినొకరు మొయ్యాలి. తీతు అన్నని వీపున ఎక్కించుకున్నాడు.

"నువ్వు మోశావు సరే, మరి నేను నిన్ను మొయ్యొద్దట్రా?" అన్నాడు దేవదానం, పైనుంచి వంగి తమ్ముడి నడుం పట్టి ఎత్తుతూ. ఇద్దరూ చుట్టచుట్టుకుని దొర్లి దొర్లి ఇంటి పక్క కాలవలో పడ్డారు. పీకల్లోతు నీళ్ళలో దేవదానానికి బాతులు గుర్తొచ్చాయి. భోరుమన్నాడు.

"ఏడవకండి. ఇద్దరితో అయ్యే పని కాదిది" అంది సలోమి గట్టు మీంచి. "ఊరంతా గుండ్రంగా నిలబడి, ఒకరి ఒళ్ళో ఒకరు కూచుంటే? అందరూ మోసినట్టే, అందరినీ మోసినట్టే!"

‘మొయ్యి’ దొర కాగితాల్లోకెక్కింది. శనివారం ఇంటింటికీ తిరిగి నేర్పారు. ఆదివారం గుడి ముందు దేవదానం చదివాడు, "ఒకరినొకరు మొయ్యండి" అని. అంతే! కాలవగట్టున ఆడవాళ్ళదో గుండ్రం, మగవాళ్ళదో గుండ్రం. దేవదానం కూడా వెళ్ళి దూరాడు. అందరూ ఒక్కసారే వెనక్కి కూచున్నారు. ఒక్కరూ పడలేదు!

పెద్దదొర టోపీ తీసేశాడు.

"విని ఇంటికి పోయేవాళ్ళని జన్మంతా చూశాను. విని చేసేవాళ్ళని ఇవాళే చూశాను. దేవదానం, ఉద్యోగం నీదే! తర్జుమా కాగితాలన్నీ పడవలో పెట్టించాను, ఇవాళే అచ్చుకి పోతాయి. రా, చెయ్యి కలుపు!"

దేవదానం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కానీ లేవడమెలా?

"నే లేస్తే తీతు పడతాడండీ. వాడు పడితే వాడి ఒళ్ళో ఆయన పడతాడండీ."

"అందరూ ఒకేసారి లేవండయ్యా!" అన్నాడు హార్పర్ దొర.

"లేవమని అందులో రాయలేదు కదండీ. మీరే రండి, సర్దుకుంటాం."

పెద్దదొర పకపకా నవ్వి, వచ్చి కూచున్నాడు. వెనకే హార్పర్ దొరా కూచున్నాడు. ఇక వాళ్ళూ లేవలేరు.

కాసేపటికి పడవవాడు పడవ తాడు చేత్తో పట్టుకునే గట్టెక్కాడు. "అయ్యా, పొద్దెక్కుతోంది, బయల్దేరదామా?"

"ఒంటరిగా నిలబడ్డావేం నాయనా! నిన్నెవరు మోస్తారు?" అని తీతు వాడి చెయ్యి పట్టి లాగాడు. వాడు తాడొదిలేసి ఒళ్ళో కూలబడ్డాడు.

పడవ కదిలింది. మనిషన్నవాడు లేకుండా, కాగితాల పెట్టెతో, కాలవ వాలున సముద్రం వైపు సాగింది.

"నా పడవ! కాగితాలు! లేవండి! లేవండి!" అని అరిచాడు పెద్దదొర. ఎవరూ కదల్లేదు.

దేవదానం మెడ సాచి చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశారా దొరగారూ, పడవ కూడా కాగితాల్ని ఎంత బాగా మోసుకుపోతోందో! మేం పెట్టిన మాట ఎక్కడా తప్పలేదండీ!"