నాలుగు గీతల నాయనమ్మ

అనగనగా ఏడు సముద్రాల అవతల, మెక్సికో అంటామే, ఆ వైపు కొండల్లో ఒక ఊరు. ఇనుము అన్నదే ఎరగని కాలం, కన్నమ్మా. అయినా ఎంత పనిమంతులో! నారతాడుకి తడి ఇసుక అద్ది, అటూ ఇటూ లాగి లాగి పచ్చరాయిని కోసేవాళ్ళు. ఒక్క గాడి పడడానికి రోజులు పట్టేవి. నువ్వయితే జడ వేసేంతసేపు కూడా కుదురుగా కూర్చోవు!

ఆ ఊళ్ళో నెల్లి అనే పిల్ల తాతతో ఉండేది. వాళ్ళ ఆచారం ఏంటంటే, మనిషి పోతే పక్కన ఒక రాతిబొమ్మను తోడిచ్చి పంపాలి. తాతకి వయసు మీదపడింది, చూపు మందగించింది. ఒకరోజు పిలిచి, "అమ్మలూ, నా తోడుబొమ్మ మీ నాయనమ్మలా ఉండాలే. నువ్వే చెయ్యి. పోయేలోపు ఒక్కసారి చేత్తో పట్టుకోవాలి" అన్నాడు.

నెల్లి సరేనంది గానీ, నాయనమ్మను తను చూస్తేగా! తాతనడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఇంట్లో ఉన్నవి మూడే రాళ్ళు.

అప్పుడు పక్కింటి పెద్దమ్మను అడిగింది. "ముక్కు కోటేరేసినట్టు ఉండేదమ్మా" అందావిడ. నెల్లి ముక్కు చెక్కబోయింది. టప్పున ముఖమంతా పెచ్చు లేచిపోయింది.

ఆ తర్వాత చేపలు పట్టే బాబాయిని అడిగింది. "ముక్కుదేముంది, ఆవిడ నవ్వు చూడాలి!" అన్నాడు. నెల్లి నోరు లోతుగా కోసింది. అయ్యో, తల ఊడి చేతిలోకొచ్చింది.

ఇక ఒక్కటే రాయి. తాత చాప మీంచి లేవడం లేదు. నెల్లి ఆ రాయికి గడ్డం కింద ఒక గాడి, చేతులకి చెరొకటి, కాళ్ళ మధ్య ఒకటి కోసింది. కళ్ళు పెడదామంటే ధైర్యం చాలలేదు. నున్నగా రుద్ది, సిగ్గుతో చచ్చిపోతూ తీసుకెళ్ళి ఇచ్చింది.

"ముఖం పెట్టలేకపోయాను తాతా."

తాత బొటనవేలితో మెల్లగా తడిమాడు. ముఖం దగ్గర, ఆ నున్నటి చోట, వేలు ఆగిపోయింది.

"ఓసినీ, వచ్చావుటే! ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే?" అని బొమ్మను చెంపకి ఆనించుకున్నాడు. "అదే ముక్కు, అదే నవ్వు! ఎలా పట్టావే అమ్మలూ?"

నెల్లి ఏదో చెప్పబోయింది. తాత అప్పటికే పెళ్ళాంతో కబుర్లలో పడ్డాడు, ఈ పిల్ల తిండి సరిగ్గా తినడం లేదనీ, నువ్వైనా కాస్త చెప్పమనీ.

కథేమో కంచికి పోయె,
కన్నమ్మేమో నిద్దర పోయె.