కుడుములమెట్ట మీద నీళ్ళడిగినమ్మ

వేగులవలస గ్రామానికి తూర్పుగా గెడ్డ అనే వాగు దాటి అరకోసు నడిస్తే కుడుములమెట్ట కనిపిస్తుంది. మెట్ట అంటే మహా కొండేమీ కాదు, నూట పదకొండు మెట్లు. మోకాళ్ళు బాగున్న భక్తులు పావుగంటలో ఎక్కుతారు. లేనివారు తమ మోకాళ్ళ సంగతి పక్కవారికి చెప్పుకుంటూ గంటలో ఎక్కుతారు. పైన గోపురం లేదు, కల్యాణ మండపం లేదు. నాలుగు రాతి స్తంభాల మీద పెంకుల కప్పు, దాని కింద శ్రీ నీళ్ళడిగినమ్మ తల్లి. విగ్రహం మనిషెత్తు ఉంటుంది. ఎడమచేతిలో చెంబు, కుడిచేయి నోటికి అడ్డం.

ఆ కుడిచేతిని చూసి కొత్తవారు రకరకాలుగా అనుకోవడం కద్దు. తల్లికి పంటినొప్పి అని కొందరు, మౌనవ్రతమని కొందరు అంటారు. దూరాన్నుంచి వచ్చిన ఒక పండితులవారు అది అతి రహస్యమైన ముద్ర అని ముప్పావుగంట ఉపన్యసించి, ఎండ దెబ్బకు తాళలేక దిగిపోయారు. అవేవీ కావు. అమ్మవారు నవ్వు ఆపుకుంటున్నది. ఎవరిని చూసి ఆమెకు నవ్వు వచ్చినదో భక్తులకు విన్నవించడమే ఈ చిన్న పుస్తకం ఉద్దేశం.

పూర్వం ఇక్కడ విగ్రహం లేదు. పసుపు రాసి బొట్టు పెట్టిన నిలువు రాయి ఒకటి ఉండేది. దానినే పంటల తల్లి అని కొలిచేవారు. కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంటికి వచ్చాక, మార్గశిర మాసంలో ఆఖరి లక్ష్మివారం, అంటే గురువారం నాడు ఆ రాతి ముందు ఊరంతటికీ కలిపి ఒకే ఒక పెద్ద ఆవిరి కుడుము వండేవారు. వెడల్పు మూతి ఉన్న పెద్ద కుండలో సగానికి నీళ్ళు పోసి, మూతికి తడిగుడ్డ బిగించి వాసెన కట్టి, దాని మీద పనసాకులు పరిచి, నూక, పెసరపప్పు, బెల్లం, కొబ్బరి కలిపిన ముద్దను మెత్తి, పైన మూకుడు బోర్లించేవారు. కింద నీళ్ళు మరిగితే ఆ ఆవిరికే కుడుము ఉడికేది. మెట్ట మీద తెల్లటి ఆవిరి లేచేదాకా ఊళ్ళో ఏ ఇంటా పొయ్యి రాజేయకూడదు. పిల్లాపెద్దా అందరూ కడుపు మాడ్చుకుని, మెడలు పైకెత్తి, మెట్ట వైపే చూస్తూ కూర్చునేవారు. భక్తితో చూసేవారు కొందరైతే, ఆకలితో చూసేవారు అందరూ.

ఈ కుడుము వండే హక్కు దాలినాయుడి ఇంటి పెద్దకోడలిది. ఆ కాలంలో ఆ పెద్దకోడలు సూరీడమ్మ. ఇరవైరెండేళ్ళుగా ఆమె చేతి కుడుము ఒక్కసారీ చెడలేదు, పగుల్లేదు, అడుగున జిగురు కట్టలేదు. ఏడాదిలో మిగిలిన రోజుల్లో సూరీడమ్మ మాటకు ఆ ఇంట్లో పెద్ద విలువ ఉండేది కాదు. ఎద్దును అమ్మినా, పొలం కౌలుకిచ్చినా ఆమెను అడిగినవారు లేరు. ఆమె ఏమైనా చెప్పబోతే భర్త దాలినాయుడు "ఊఁ" అని అటు తిరిగి పడుకునేవాడు. కానీ ఆ ఒక్క లక్ష్మివారం నాడు ఊరి పెద్దనాయుడు సైతం తలపాగా చేత పట్టుకుని, సూరీడమ్మ ఎప్పుడు తల ఊపుతుందా అని నిలబడేవాడు. ఆ ఒక్క రోజు కోసమే ఆమె మిగిలిన రోజులు బతికేదన్నా తప్పులేదు. పైగా ఆ ఊరి కట్టు ఒకటుంది. కుడుము చెడితే కుండ హక్కు తరువాతి కోడలికి పోతుంది, ఇక తిరిగి రాదు. అందుచేత సూరీడమ్మకు ఆ కుండంటే ప్రాణం, కుండ దగ్గరకు వచ్చేవారంటే మంట.

ఆమె అత్తగారు నేర్పిన నియమం ఒక్కటే: వాసెన కట్టాక కుడుము ఉడికేదాకా విప్పకూడదు. సూరీడమ్మ తన సొంతానికి ఇంకొకటి చేర్చింది: కుండ పొయ్యి మీద ఉండగా తనను ఎవరూ ఏమీ అడగకూడదు. తోడికోడలు తవిటమ్మ అంతకుముందు ఏడాది తెలియక, అక్కను ఇక్కడ పిలిచే తీరున "అప్పా, ఏలక్కాయలేసినావా?" అని అడిగింది. ఆ పాపానికి సూరీడమ్మ ఆరు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఏడో నెలలో మాట్లాడింది గానీ, ఆ మాటలు వినడం కంటే మౌనమే నయమని తవిటమ్మ అనుకుంది.

ఆ ఏడు లక్ష్మివారం వచ్చింది. మెట్ట మీద చుక్క నీరు ఉండదు గనుక తవిటమ్మ తెల్లవారుతూనే గెడ్డలో రెండు బిందెలు ముంచి, ఒకటి తల మీద, ఒకటి చంకలో పెట్టుకుని అన్ని మెట్లూ ఎక్కి వచ్చింది. కుండలో వంపబోతుంటే సూరీడమ్మ చేయి అడ్డం పెట్టింది.

"అక్కడ దించీసి ఎల్లు. నువ్వు పోస్తే సగం పొయ్యిలోకే పోస్తావు. నానే పోసుకుంటాను."

తవిటమ్మ బిందెలు రాతి వెనక నీడన దించి, పనసాకులు కప్పి, కట్టెలకు దిగింది. సూరీడమ్మ నీళ్ళు పోయడానికి లేచింది. లేచినామె నూక వైపు చూసింది. బెల్లం చితక్కొట్టిన తీరు నచ్చక దంచినవారిని తిట్టింది. కొబ్బరి కోరు ముతకగా ఉందని కోరినవారిని తిట్టింది. తడిపి తెచ్చిన వాసెన గుడ్డ సరిగా పిండలేదని తానే పిండి, తానే బిగించి, చుట్టూ నాలుగు ముడులు వేసి, ముద్ద మెత్తి, మూకుడు బోర్లించి, పొయ్యి రాజేసి, కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. అన్నీ ఆమె చేతి మీదుగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా జరిగాయి. కుండలో నీళ్ళు మాత్రం లేవు.

కట్టెల మోపుతో తిరిగి వచ్చిన తవిటమ్మ రాతి వెనక చూసింది. రెండు బిందెలూ నిండుగా, కప్పిన ఆకు కప్పినట్టే ఉన్నాయి. అడుగుదామా అనుకుంది. ఏలక్కాయలకే ఆరు నెలలైతే నీళ్ళకు ఎన్నాళ్ళో అని లెక్కవేసుకుని నోరు మూసుకుంది. కుడుము చెడితే కుండ తనదవుతుందన్న సంగతి కూడా ఆమెకు తట్టింది. తట్టిందని చెప్పడానికి సిగ్గుపడవలసిన పని లేదు, ఎవరికైనా తడుతుంది.

అంతలో మెట్లెక్కి ఒక ముసలమ్మ వచ్చింది. నెత్తిన తుంగ మోపు, కాళ్ళకు దుమ్ము, ఏ ఊరిదో ఎవరికీ తెలియదు.

"దాహమేస్తంది తల్లీ. గుక్కెడు నీళ్ళియ్యవా?" అంది.

"ఉన్న నీళ్ళన్నీ కుండలో ఉన్నాయి ముసలమ్మా. కుడుము దిగినాక రా, కుడుమే పెడతాను."

ముసలమ్మ ఒక క్షణం కుండ వైపు చూసింది. "పోనీ, ఆ కుండలోవే చెంబుడు తీసియ్యమ్మా."

"వాసెన ఇప్పకూడదు! నీకు తెల్దేటి? ఏ ఊరమ్మా నీది, కుడుము వండడం కూడా తెలీని ఊరు?"

ముసలమ్మ ఆ మాటకు కోప్పడలేదు. పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, కుండ వైపు చెవి వంచింది. "నీళ్ళు మరిగితే గుడగుడమని సప్పుడు రావాల. నాకేటీ వినబడ్డం నేదమ్మా."

"నీకు సెవుడు."

ఈ మాటతో ముసలమ్మ చప్పున కుడిచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. తవిటమ్మ చూసి, పాపం దగ్గు కాబోలనుకుంది. సూరీడమ్మ చూడలేదు. ఆమె కళ్ళు కుండ మీద ఉన్నాయి. ఈపాటికి ఆవిరి రావాలి. రాలేదు. ఇంకో రెండు కట్టెలు ఎగదోసింది. అయినా రాలేదు. కట్టెలు తడివని తవిటమ్మను తిట్టింది. ఆవిరి రాలేదు గానీ, గుడ్డ మాడిన వాసన వచ్చింది. ఆ వెనకనే మూకుడు సందుల్లోంచి నల్లటి పొగ లేచింది.

కింద ఊళ్ళో ఆకలి కళ్ళకు ఆ పొగ ఆవిరిలాగే కనబడింది. డప్పు మోగింది. నూరిళ్ళలో పొయ్యిలు రాజుకున్నాయి. సరిగ్గా అప్పుడే మెట్ట మీద కుండ ఠప్పున రెండు చెక్కలై, ఇరవైరెండేళ్ళ పేరూ, కొత్త బియ్యమూ, కొత్త బెల్లమూ కలిసి నిప్పుల్లో పడ్డాయి.

ఊరు పరుగున మెట్టెక్కింది. ముందు పెద్దనాయుడు, ఆ వెనక దాలినాయుడు, వారి వెనక ఆకులూ దొన్నెలూ పట్టుకుని జనం. అందరూ కుండ పెంకుల మధ్య బొగ్గయిన కుడుమును చూశారు. పక్కన సూరీడమ్మ కొయ్యబారి నిలబడి ఉంది.

"ఏటైందమ్మా?" అన్నాడు పెద్దనాయుడు.

దాలినాయుడికి ఇరవైరెండేళ్ళలో మొదటిసారి భార్య మీద జాలి కలిగింది. "ఏటవుతాదండి? పాత కుండ. పగిలింది. నీళ్ళన్నీ కారిపోయినాయి," అన్నాడు గబగబా.

జనం ఔనౌనన్నారు. పాత కుండే మరి. పగిలిన కుండలో నీళ్ళుండేవా లేవా అని ఎవరు చెప్పగలరు? సూరీడమ్మ తల ఊపితే చాలు. కుమ్మరిది తప్పవుతుంది, హక్కు ఆమెకే మిగులుతుంది. ఆమె నోరు తెరిచింది. అప్పుడే ఆమె చూపు రాతి వెనక నిండు బిందెల మీద పడింది, అక్కడి నుంచి తవిటమ్మ మొహం మీద పడింది. తవిటమ్మ తలవంచుకుని, కాలిబొటనవేలితో నేల రాస్తున్నది. ఆమెకు మొదటి నుంచీ తెలుసునని సూరీడమ్మకు అర్థమైంది. తెలిసీ ఎందుకు అడగలేదో కూడా అర్థమైంది. కోపం రావలసిన చోట ఆమెకు ఏడుపు వచ్చింది.

"కుండది కాదు తప్పు," అంది సూరీడమ్మ. "నాను నీళ్ళు పొయ్యనేదు."

ఇరవైరెండేళ్ళు ఊరికి కుడుము వండిన మనిషి నీళ్ళు పోయడం మరిచిందన్న మాట జనం బుర్రలకు ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ముందు ముసలమ్మే నవ్వింది. నోటికి చేయి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ నవ్వుకు పెద్దనాయుడు నవ్వాడు, ఊరు నవ్వింది, డప్పు కొట్టిన దాసు పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. ఆఖరికి కన్నీళ్ళు కారుతూనే సూరీడమ్మ కూడా నవ్వింది. తన తప్పుకు తాను నవ్వడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

నవ్వులు సద్దుమణిగాక ముసలమ్మ, "ఇప్పుడైనా గుక్కెడు నీళ్ళియ్యమ్మా," అంది. సూరీడమ్మ తన సొంత చెంబు నిండా నీళ్ళు ముంచి, రెండు చేతులా పట్టుకుని ఇచ్చింది. ముసలమ్మ చెంబు అందుకుని, తాగుతూ తాగుతూ రాతి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఇవతలికి రాలేదు. అటు వెళ్ళి చూసినవారికి తుంగ మోపు మాత్రమే కనబడింది. తిరిగి రాతి వైపు చూస్తే రాయి రాయిగా లేదు. ఎడమచేత సూరీడమ్మ చెంబు, కుడిచేయి నోటికి అడ్డం.

అందరూ సాష్టాంగపడ్డారు. సూరీడమ్మ లేచి, కళ్ళు తుడుచుకుని, "ఊరి కట్టు కట్టే. ఈ రోజు నుంచి కుండ తవిటమ్మది," అంది.

తవిటమ్మ ఒప్పుకోలేదు. "నాకు సేత కాదప్పా. నీలాగ ముద్ద కలపడం ఈ ఊళ్ళో ఎవరికొచ్చు? నువ్వే వండు. అయితే నన్ను అడగనియ్యి."

"ఏటి అడుగుతావే?"

"నీళ్ళు పోసినావా అని."

పెద్దనాయుడు అప్పటికప్పుడు కట్టు మార్చాడు: వండడం సూరీడమ్మది, అడగడం తవిటమ్మది. పక్క ఊరి నుంచి వేరే కుండ, ఇంటింటి నుంచి మళ్ళీ నూకా బెల్లమూ తెప్పించారు. ఈసారి వాసెన కట్టబోయే ముందు తవిటమ్మ రెండడుగులు దూరంగా నిలబడి, "అప్పా, నీళ్ళు పోసినావా?" అంది. "పోసినాను," అంది సూరీడమ్మ. మళ్ళీ అడిగింది. "పోసినానంటే!" మూడోసారి అడిగేసరికి సూరీడమ్మ మొహం ఎర్రబడింది, పెదవులు బిగిసాయి. కానీ తిట్టలేదు. కుండలోకి వంగి చూసి, చేయి ముంచి, తడి చేతిని తవిటమ్మకు చూపించింది. పొద్దు వాలేలోగా మెట్ట మీద తెల్లటి ఆవిరి లేచింది. ఆ ఏడు కుదిరినంత రుచిగా కుడుము ఎన్నడూ కుదరలేదని ఊరు చెప్పుకుంది. రెండుపూటలు పస్తున్నవారి మాట గనుక ఎంత నమ్మాలో భక్తులే నిర్ణయించుకోవాలి.

నేటికీ మార్గశిరం ఆఖరి లక్ష్మివారం నాడు ఈ మెట్ట మీద పెద్ద కుడుము వండుతారు. వాసెన కట్టే ముందు వండే ఆమెను "నీళ్ళు పోసినావా?" అని ముమ్మారు అడగాలి. అడిగే మనిషిని ఊరివారే ఎంచుతారు. పదవి, వయసు చూడరు. వండే ఆమె అంటే ఊరందరిలోకీ ఎవరు ఎక్కువ భయపడతారో వారే అడగాలి. మూడోసారికి చేయి ముంచి, తడి చూపాలి. అడిగినవారి మీద ఆ ఏడాదంతా కోపం పెట్టుకోరాదు.

తల్లిని నమ్మి వచ్చేవారు నానాటికీ ఎక్కువవుతున్నారు. అన్నీ తమకే తెలుసుననుకునే అత్తలను కోడళ్ళు, మేస్త్రీలను పనివారు, పెద్ద ఉద్యోగులను వారి గుమస్తాలు ఏదో ఒక వంకన ఇక్కడికి తీసుకువస్తారు. తల్లి ఎదుట నిలబడి చెంబెడు నీళ్ళు సమర్పించినవారికి, తమ పొరపాటును సమయానికి చెప్పే మనిషి దొరుకుతారనీ, ఆ మాట వినే చెవి కూడా లభిస్తుందనీ పెద్దలు చెబుతారు. కుడుము ప్రసాదం ఇంటికి తీసుకువెళ్ళవచ్చు. మూడు రోజులు నిలవుంటుంది.

ఇదంతా పాత కథ, ఇప్పుడు నీళ్ళు మరిచేవారెవరున్నారని భక్తులు అడుగుతుంటారు. మా ఎరుకలోనే రెండుసార్లు కుండ ఖాళీగా ఉంది. రెండుసార్లూ వండిన ఆమె మొదటి రెండు ప్రశ్నలకూ "పోసినాను" అనే గట్టిగా చెప్పింది. భయపడుతూనే మూడోసారి కూడా అడిగిన మనిషి పుణ్యాన ఊరు కుడుము తిన్నది.