ఆల్కాస్ డాలు

ఫిలోనాస్ గురువుకు ఒక అలవాటుంది. శిష్యుడు చిక్కు ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, లేచి చెప్పులు తొడుక్కుంటాడు.

ఆ గ్రీకు పట్నంలో ఆయన దగ్గర చదువుకుంటున్న యూథిమస్ పెద్దింటి బిడ్డ. తాము ఆల్కాస్ మహావీరుడి సంతతి అని ఆ ఇంటివాళ్లు చెప్పుకుంటారు. పూర్వం కోటగోడ కూలినప్పుడు ఆల్కాస్ ఒక్కడే ఆ గండిలో డాలు పట్టుకుని, పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా నిలబడి ఊరిని కాపాడాడట. ఏటా ఆ రోజున అతని వంశం తరఫున ఒకరు ఆ కంచు డాలు ఎత్తి అదే గండిలో నిలబడాలి. పొద్దు వాలకముందే డాలు నేలకు తగిలిందా, ఆ గౌరవం ఇంకో ఇంటికి పోతుంది.

"మా వంశవృక్షం కట్టుకథని సభలో ఒకడు నవ్వాడు గురువుగారూ. మేము నిజంగా ఆల్కాస్ బిడ్డలమేనా? ఎలా తేలుతుంది?" అని యూథిమస్ ఉక్రోషంగా అడిగాడు.

గురువు చెప్పులు తొడుక్కున్నాడు. ఆ రోజే డాలు ఎత్తే పండుగ. శిష్యుణ్ణి వెంటబెట్టుకుని గండి దగ్గరికి నడిచాడు.

గండి పక్కన పందిరి కింద మెత్తల మీద యూథిమస్ పినతండ్రులు కూర్చున్నారు. గాయకుడు ఇరవై రెండు తరాల పేర్లు రాగం తీసి పాడుతున్నాడు. ఎండలో డాలు ఎత్తి నిలబడ్డది మాత్రం రాళ్లు మోసి బతికే ముసలి దామాస్! ఏళ్ల తరబడి అతనికి కూలిచ్చి నిలబెడుతున్నారు. సిగ్గుండాలి గాని, పూర్వీకుడి డాలు ఎత్తడానికి కూలిమనిషా! ఏటా చూస్తున్నదే అయినా యూథిమస్‌కు ఆ వేళే మొహం చెల్లలేదు.

మిట్టమధ్యాహ్నానికి దామాస్ మోకాళ్లు వణికాయి. డాలు జారింది.

"ఎత్తరా, ఎత్తు!" అని పందిరి కింద నుంచి కేకలు. ఒక్కడూ లేవలేదు. యూథిమస్ ఒక్క పరుగున వెళ్లి, డాలు నేలను తాకేలోగా అందుకున్నాడు.

"అయ్యో చిన్నదొరా, ఎండ!" అన్నాడు దామాస్.

"నువ్వు నీడకు వెళ్లు. పొద్దు వాలేదాకా నేను కదలను."

"కూలివాడిలా నిలబడి పరువు తీస్తున్నావురా!" అని పెద్ద పినతండ్రి అరిచాడు. యూథిమస్ తల తిప్పలేదు. చేతులు మొద్దుబారాయి, పెదవులు పగిలాయి. పళ్లు బిగబట్టి అలాగే నిలబడ్డాడు. డాలు నేలకు తగలలేదు.

పొద్దు వాలాక కుంటుకుంటూ గురువు దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడు చెప్పండి. నేను ఆల్కాస్ వంశంవాడినేనా?"

గోడ వారన కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటున్న దామాస్ వైపు గురువు చెయ్యి చూపాడు.

"నాకేం తెలుసు నాయనా! నువ్వు ఒక పూట నిలబడ్డావు. ఆయన పందొమ్మిదేళ్లు నిలబడ్డాడు. నిన్ను తనవాళ్లలో కలుపుకుంటాడేమో, వెళ్లి ఆయన్నే అడుగు."